గణితము – కంప్యూటరు – మన బిడ్డలు

(సుల్తాను బజారున సమావేశమైన మన పద్మశాలి సంఘ వార్షిక మహాసభలో చదివిన యుపన్యాసము)



ఈ మహాసభలో విద్యావిషయమును గుఱించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. మేము వక్తలము కాము. నల్లబల్ల యొద్ద సుద్దముక్కతో ఆయుర్భాగములో నధికాంశము గడపిన గణితోపాధ్యాయులము. అయినను విద్యార్థి వేతన నిధిని గుఱించిన తీర్మానము ఈ సభ ముందునకు రానున్నదని విని, చెప్పవలసిన మాట చెప్పకుండుట దోషమని తలంచి వచ్చితిమి. ఇంజనీరింగు, వైద్య విద్యార్థులకే ఆ నిధి చాలునని కొందఱి యభిప్రాయము. బి.యస్సీ.లో గణితమును, కంప్యూటరు శాస్త్రమును చదువు పిల్లలకు గూడ నందులో భాగముండవలెనని మా మనవి. కారణములను విన్నవింతుము, చిత్తగింపుడు.

మనమిపుడు కూర్చున్న స్థలమును ఒక్కసారి స్మరింతము. ఈ సుల్తాను బజారునకు పూర్వము రెసిడెన్సీ బజారని పేరు. 1933లో నిది నిజాము ప్రభుత్వమునకు తిరిగి వచ్చిన పిమ్మట నీ పేరు పొందినది. 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. తరువాత నీ బజారుననే స్వంత భవనము నేర్పఱచుకొన్నది. ఆ నిలయ స్థాపకులలో నొకరైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో నీ నగరముననే విజ్ఞానచంద్రికా గ్రంథమాలను నెలకొల్పి, శాస్త్ర విషయములను తెలుగున వ్రాయించిరి. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగు బాలికలకు పాఠశాల తెఱచిరి. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. తెలుగున జదివిన బాలికల పరీక్షలకై ఆ పాఠశాల దూరముననున్న కార్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము పెట్టుకొనవలసి వచ్చినది. ద్వారము మూసియున్నచో వేఱు ద్వారము వెదకుట యా పెద్దల పద్ధతి. ఈ నాలుగు వీథులలో మనకు వారు చూపిన త్రోవ యిది.

ఇక ప్రస్తుత విషయము. నేడు మన జిల్లాలనుండి యింటరు ముగించి వచ్చు పిల్లలు దోస్త్ అను ప్రవేశపద్ధతి ద్వారా – ఇది 2016లో మొదలైనది – డిగ్రీ కళాశాలలలో చేరుచున్నారు. గణితము, భౌతికశాస్త్రము, కంప్యూటరు శాస్త్రము నొక కూటమి. గణితము, సంఖ్యాశాస్త్రము, కంప్యూటరు శాస్త్రము వేఱొక కూటమి. ఇట్టివి పెక్కు గలవు. నారాయణగూడలోను, కోఠీలోను గల కళాశాలలలో నీ తరగతులు నిండుగా నుండును. 1924లో మొదలై, 1949లో పూర్వపు రెసిడెన్సీ భవనమునకు వచ్చి, 2022లో మహిళా విశ్వవిద్యాలయముగా మాఱిన కోఠీ మహిళా కళాశాల మనకు కూతవేటు దూరముననే యున్నది. ఇట్లు చేరిన పిల్లవానిని బంధువులు అడుగు ప్రశ్న యొక్కటే: "ఇంజనీరింగు రాలేదా?" ఈ ప్రశ్న విని విని ఆ పిల్లవాడు తన చదువు రెండవ తరగతి చదువని తానే నమ్ముచున్నాడు. డిగ్రీ చేతికి వచ్చిన పిమ్మట చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములోనో, అశోకనగరు శిక్షణాలయములలోనో ప్రభుత్వోద్యోగ పరీక్షకై యేండ్లు గడపుచున్నాడు. ఉద్యోగ పరీక్ష వ్రాయుట తప్పుకాదు. కాని మూడేండ్లు చదివిన చదువు వానికి దేనికిని అక్కఱకు రాలేదను భావముతో వ్రాయుట మాత్రము శోచనీయము.

గణితము మనకు పరాయి విద్య యని కొందఱి భ్రమ. మహావీరాచార్యులు 9వ శతాబ్దమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దెచ్చెను. ఆంధ్రమున శాస్త్ర గ్రంథ రచనకు అదియే నాంది యని పండితులు చెప్పుదురు.

అంతకంటె సన్నిహితమైన దృష్టాంత మొకటి చెప్పెదము. సభలో పద్యము వ్రాయువారు పలువురు గలరు. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణములు. పాదమునకు ఇరువది యక్షరములు. ప్రతి యక్షరము గురువో లఘువో కావలెను గనుక ఇరువది యక్షరములకు 10,48,576 విధములైన వరుసలు కలుగును. వీనిలో ఉత్పలమాల యెన్నవది? లక్షణకర్తలు 355799వ దని చెప్పిరి. ఈ సంఖ్య యెట్లు వచ్చెను? మొదటి యక్షరము క్రింద 1, రెండవదాని క్రింద 2, మూడవదాని క్రింద 4, ఇట్లు రెట్టింపు చేయుచు ఇరువది యక్షరముల క్రిందను అంకెలు వేయుడు. లఘువులున్నచోటి యంకెలను మాత్రము కూడుడు; 355798 వచ్చును. దానికి ఒకటి చేర్పుడు. ఇంటికి పోయి కాగితముపై వేసి చూడవచ్చును. నేడు కంప్యూటరు అంకెలను దాచుకొనుటకు వాడు ద్విసంఖ్యామానము దీనికి భిన్నము కాదు. గురువునకు సున్న, లఘువునకు ఒకటి, అంతే. పింగళుని ఛందశ్శాస్త్రమునందే యీ ప్రస్తార విద్యకు మూలము గలదు. పద్యము చెప్పగల తెలుగువాడు తనకు లెక్క రాదనుట యెట్లు?

ఇక మన కులవృత్తి యగు నేత మాట. పడుగు పోగు పైకి లేచునా, క్రిందనుండునా – ప్రతి పేక పోవునపుడును, ప్రతి పోగు విషయమునను ఈ ప్రశ్నకు "అవును", "కాదు" అను రెండే సమాధానములు. బట్టమీది పువ్వంతయు ఈ రెండు సమాధానముల కూర్పే. ఫ్రాన్సు దేశమున లియోను పట్టణమునందు జకార్డను నాతడు 1804 ప్రాంతమున ఈ సమాధానములను అట్టలపై రంధ్రములుగా నెక్కించెను. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. అట్టల దండ మార్చినచో మగ్గము మార్చకయే పువ్వు మాఱును. 1839లో ఆ జకార్డు ప్రతిమనే పట్టుబట్టపై నేసిరి. దానికి సుమారు 24,000 అట్టలు పట్టినవి. ఆ బట్టలలో నొకదానిని ఇంగ్లండున చార్లెసు బాబేజి అను గణితజ్ఞుడు సంపాదించి తన యింట నుంచుకొనెను. తాను తలపెట్టిన గణనయంత్రమునకు గూడ అట్టి యట్టలచేతనే ఆజ్ఞలీయవలెనని యాతడు సంకల్పించెను. ఆ యంత్రముచేత బెర్నూలీ సంఖ్యలను గణింపించు క్రమమును 1843లో ఏడా లవ్లేసు అను వనిత విపులముగా ప్రకటించెను. అమెరికాలో 1890వ సంవత్సరపు జనాభా లెక్కలను హోలరితు అను నాతడు రంధ్రముల అట్టలతోనే త్వరితముగా తేల్చెను. ఆయన నెలకొల్పిన సంస్థ యితర సంస్థలతో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు దాల్చినది. సిరిసిల్లలోను, పోచంపల్లిలోను, గద్వాలలోను మగ్గము ముందు కూర్చున్నవారి బిడ్డలకు కంప్యూటరు దూరపు చుట్టము కాదని చెప్పుటకే ఈ కథ చెప్పితిమి.

అట్లయిన మన బిడ్డలు ఈ చదువులో నేల తడబడుచున్నారు? ఇచట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి యున్నది.

చాల యేండ్ల క్రిందట మేము ఈ నగరమునందలి యొక కళాశాలలో బి.యస్సీ. తరగతికి మాత్రికలను బోధించుచుంటిమి. రెండు మాత్రికలను గుణించునపుడు మొదటిదాని అడ్డువరుసను రెండవదాని నిలువువరుసతో గుణించి కూడవలెను. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "సార్, అడ్డువరుసను నిలువువరుసతోనే ఎందుకు గుణించాలి?" అని యడిగెను. వాడు నేతవారి బిడ్డ. తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవాడు. మేము, "నిర్వచనమట్లున్నది, పరీక్షకు ఎందుకన్నది అక్కఱలేదు" అంటిమి. తరగతి నవ్వెను. వాడు కూర్చుండెను. ఆ పిమ్మట వాడు మమ్ము మఱి యే ప్రశ్నయు నడుగలేదు. రెండవ సంవత్సరము నడుమ చదువు మానెనని విన్నాము. ఇంటి పరిస్థితి కారణమని యనిరి. అదియే కావచ్చును. కాని మా మాట గూడ కొంత కారణము కాదని మేము నేటికిని ధైర్యముగా చెప్పలేము.

పదేండ్ల తరువాత బంధువుల యూరిలో నొక నేతశాలకు పోయితిమి. అచట వృద్ధుడొకడు గడుల కాగితముమీద అంచు పువ్వు వేయుచుండెను. ఆయన యెదుట మూడు చిన్న పట్టికలు గలవు. ఏ పోగు ఏ చట్రమునకు కట్టవలెనో ఒకటి. ఏ కాలిపలక త్రొక్కిన ఏ చట్రములు లేచునో రెండవది. ఏ పేకకు ఏ పలక త్రొక్కవలెనో మూడవది. ఈ మూడును కలిపి చూచినచో బట్టమీద ఏ గడిలో పడుగు పైకి వచ్చునో తెలియును. ఆయన మూడవ పట్టికలోని అడ్డువరుసను రెండవ పట్టికతోను, దానిని మొదటి పట్టికలోని నిలువువరుసతోను వ్రేలితో జోడించుకొనుచు పోయెను. మేము నిలువునా నిలిచిపోయితిమి. అది మాత్రికల గుణకారము! ఒకటులు, సున్నలు గల మూడు మాత్రికల లబ్ధమే బట్ట. ఆ పిల్లవాని ప్రశ్నకు సమాధానము వాని తండ్రి కాళ్ల క్రిందనే యున్నది. దానిని చూపగలిగిన స్థానమున మేముండియు చూపలేకపోతిమి.

దీనికి ప్రతిగా వేఱొక ఉపాధ్యాయుని కథ చెప్పెదము. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున ఎం.ఏ. చదివి, ఉద్యోగాన్వేషణలో కలకత్తాకు పోయి, 1941లో అచటి సంఖ్యాశాస్త్ర సంస్థలో చేరిరి. కొలది కాలములోనే కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పుచుండగా ఒకనాడు విద్యార్థి యొకడు, "ఎక్కువ దత్తాంశమున్నపుడు మీరు చెప్పిన ఫలితము కుదురును సరే, తక్కువ దత్తాంశమున్నపుడు ఇట్టిది సాధింపలేరా?" అని యడిగెను. రావుగారు ఆ ప్రశ్నను త్రోసిపుచ్చలేదు. ఆ రాత్రి కూర్చుండి సాధించి, మఱునాడు తరగతిలో నిరూపించిరి. 1945లో ప్రకటితమైన ఆ ఫలితమునకే నేడు ప్రపంచమంతట క్రామెరు–రావు అవధి యని పేరు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారము పొంది, ఆ సంవత్సరముననే నూట రెండేండ్ల వయస్సున ఆయన కీర్తిశేషులైరి. ఒక్క ప్రశ్నను గౌరవించినందున నొక సిద్ధాంతము పుట్టెను. ఒక్క ప్రశ్నను పరిహసించినందున నొక పిల్లవాడు నోరు మూసికొనెను. ఈ రెండింటి నడుమ భేదమును మేము జీవితకాలమంతయు మోయుచున్నాము.

ఈ తప్పు మా యొక్కరిది మాత్రమే కాదు. చదువు చెప్పు పద్ధతిలోనే యున్నది. ఉదయము గణితపు గంట. మధ్యాహ్నము కంప్యూటరు గంట. ఒకటి మఱియొకదానిని పలుకరింపదు. గణితపు గంటలో అవకలన సమాకలనములు, అవకలన సమీకరణములు, వాస్తవ విశ్లేషణము, సమూహములు, వలయములు, సదిశాంతరాళములు – వీని సిద్ధాంతములను కోఠీలో కొన్న గైడునుండి పిల్లలు వల్లించుదురు. కంప్యూటరు గంటలో సి భాషలోనో పైథాను భాషలోనో యిచ్చిన ప్రోగ్రామును చూచి వ్రాయుదురు. మాత్రికలను గుణించు ప్రోగ్రామును ప్రయోగశాలలో నూఱుమాఱులు వ్రాసిన పిల్లవాడు, గణిత పరీక్షలో మాత్రిక నిర్వచనమును వేయిమాఱులు వ్రాసిన పిల్లవాడు – వాడే యైనను, ఆ రెండును ఒకటే యని వానికి తెలియదు.

"ప్రోగ్రాములను కూడ ఇప్పుడు యంత్రమే వ్రాయుచున్నది గదా, ఇక ఈ చదువేల?" అని మొన్న నొక తండ్రి మమ్మడిగెను. న్యాయమైన ప్రశ్నయే. మాటలతో అడిగినచో ప్రోగ్రాము వ్రాసియిచ్చు యంత్రములు నేడు వచ్చిన మాట నిజము. కాని ఆ యంత్రముల లోపల జరుగునదేమి? అనేక కోట్ల అంకెలు గల మాత్రికల గుణకారము. తప్పు ఎటు తగ్గునో చూచుకొనుటకు అవకలనము. తరువాతి మాట యేది కావచ్చునో యంచనా వేయుటకు సంభావ్యత. ఈ మూడును మన పిల్లలు బి.యస్సీ.లో చదువు విషయములే. యంత్రము వ్రాసినది సరియో కాదో తేల్చుటకు కావలసినది నిరూపణ విద్య. చూచి వ్రాయుట మాత్రమే నేర్చినవాని పని యంత్రము లాగికొనును. ఎందుకట్లగునని అడుగ నేర్చినవానికి ఆ యంత్రమే పనిముట్టగును. కావున నీ కాలమున గణితము తగ్గింపవలసినది కాదు, లోతుగా చెప్పవలసినది.

భాషను గుఱించి యొక మాట. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి ఇచటికి దగ్గఱనే హిమాయతునగరున నుండి, డిగ్రీ గణితమునకు తెలుగు పుస్తకములను వెలువరించినది. అవధి, అవిచ్ఛిన్నత, మాత్రిక, సమూహము – ఈ మాటలు అట్టి పుస్తకములవలననే మా నాలుకకు అలవడినవి. నేడు కళాశాలలలో నింగ్లీషు మాధ్యమమే వ్యాపించినది. దానిని మేము నిరాకరింపము. ఉద్యోగమునకు ఇంగ్లీషు కావలెను. కాని పల్లెనుండి వచ్చిన పిల్లవానికి భావము మొదట తెలుగున అందినచో, ఇంగ్లీషు మాట తరువాత తానే యతుకును. భావమును, భాషను ఒక్కదినమున నెత్తిపై పెట్టినచో రెండును జాఱిపడును. ఆనాడు ప్రశ్న యడిగిన పిల్లవాడు తెలుగున నడిగెను గనుకనే తరగతి నవ్వెనేమో యని మాకిప్పటికిని అనుమానము.

ఈ విద్యవలన కులవృత్తికి లాభమేమి యని యడుగువారికి చింతకింది మల్లేశముగారిని చూపెదము. పోచంపల్లి చీరకు ఆసు పోయుటలో ఆయన తల్లి లక్ష్మిగారు ఒక్కొక్క చీరకు సుమారు 9,000 మాఱులు చేయి త్రిప్పవలసి యుండెను. ఆమె భుజము నొప్పి చూడలేక, పెద్దచదువు లేకయే, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆయన ఆసుయంత్రమును సాధించిరి. దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో భారత ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది. చదువు లేకయే ఒక్కరు ఇంత చేసిరి గదా, చదువేల యని కొందఱందురు. మేము తలక్రిందుగా నందుము: అట్టి బుద్ధి గల బిడ్డలు మన వాడలలో నింకెందఱో గలరు, అందఱికిని అట్టి మొండి ధైర్యము, అన్ని యేండ్ల యోపిక ఉండునా? గణితము తెలిసినచో త్రోవ దగ్గఱయగును. పోచంపల్లి చిటికీ పువ్వును నేయుటకు ముందే తెఱపై చూచుకొనుట, రంగు వ్యర్థము తగ్గించుట, నూలు లెక్క తేల్చుట – ఇవన్నియు డిగ్రీ విద్యార్థి సాధింపదగిన పనులే.

మహాశయులారా! ఇక మా ప్రార్థనలు నాలుగు.

మొదటిది: విద్యార్థి వేతన నిధిలో బి.యస్సీ. గణిత, సంఖ్యాశాస్త్ర, కంప్యూటరు విద్యార్థులకు ఇంజనీరింగు విద్యార్థులతో సమానముగా స్థానమీయుడు. మూడేండ్లును ఇండు, మొదటి యేడు ఇచ్చి మానుట మొలకకు నీరు పోసి మొక్కకు మానుట వంటిది.

రెండవది: వసతిగృహమున సాయంకాలము ఒక గంట, గణితమును కంప్యూటరును ఒకే బల్లమీద చెప్పు తరగతి పెట్టుదము. నాలుగు పాత కంప్యూటరులు చాలును. బోధించుటకు మేము సిద్ధముగా నున్నాము; వేతనము కోరము. అచట నే ప్రశ్నకును నవ్వుట యుండదని మాట యిచ్చుచున్నాము.

మూడవది: బాలికలకు సగము భాగము. ఏడా లవ్లేసును గుఱించి చెప్పి, మన యాడపిల్లను ఇంటరుతో నిలిపివేయుట న్యాయము కాదు. ఆసు పోసినది, కండెలు చుట్టినది, రంగుల లెక్క మనసున నుంచుకొన్నది మన తల్లులే.

నాలుగవది: డబ్బు లేక చదువు నడుమ మానిన పిల్లలను వెదకి, పరీక్ష తిరిగి వ్రాయింపవలెను. జిల్లా శాఖలవారు పేర్లు పంపినచో రుసుము సంఘము కట్టవలెను. ఈ నాలుగవ ప్రార్థన యేల చేయుచున్నామో మీరు గ్రహించియుందురు.

మన పూర్వులు చీకటిలో గూడ పోగు తెగినచోటు వ్రేలితో తడవి తెలిసికొని ముడివేసెడివారు. తెగిన పోగును వదలి నేసిన బట్టను సంతలో నెవరును కొనరు. మన బిడ్డల చదువులో తెగిన పోగులు కొన్ని మా చేతి నుండియు తెగినవి. వానిని ముడివేయుటకు మాకు శక్తి గల కాలములోనే ఈ సభ తోడు నిలుచునని యాశించుచున్నాము.